పరగడుపు

పొద్దుగాల ఐదున్నరకు
పానగల్లు రోడ్డు మీద నా సైకిలు.
వెనక క్యారేజీకి పాత ట్యూబుతో కట్టిన థర్మాకోల్ డబ్బా,
డబ్బాల పక్కింటోళ్ల ఫ్రిజ్జుల ఐసు,
దూది, సూదులు,
ఇంకా నిండని సీసాలు పద్నాలుగు.

పోయేటప్పుడు ఎంత ఊగినా ఏం కాదు.
వచ్చేటప్పుడు నా వెనక
పద్నాలుగు మంది కూసుంటరు.

ల్యాబు సారు మొదటి దినమే చెప్పిండు:
"లింగస్వామీ, ఇది పెరుగు కాదు,
కుదిపితే వెన్న రాదు.
రక్తం పగుల్తది, రిపోర్టు తప్పొస్తది."
సారుకు కారుంది.
రక్తం సంగతి చెప్పిండు గని
రోడ్డు సంగతి చెప్పలె.

అది నా నడుం నేర్చుకుంది.
రామగిరి మలుపుల మ్యాన్‌హోల్ మూత
జానెడు పైకి లేచి ఉంటది, ఎడమకు పోవాలె.
ప్రకాశం బజార్ల కుళ్లిన కూరల నీళ్లు,
ఆడ బ్రేకు పట్టద్దు.
బత్తాయి లారీలు మలిగే కాడ
నీళ్ల పైపుకు తవ్వి, పూడ్చి,
మళ్ల కేబుల్‌కు తవ్వి, పూడ్చుడు మర్శిపోయిన కాల్వ.
డబ్బా చంకల, సైకిలు భుజాన.
దాటుతుంటే వెనక బస్సు ఒక్కటే హారన్,
నేనేదో సరదాకు నిలబడ్డట్టు.

ఇగ ల్యాబుకు నాలుగిండ్ల ఇవతల,
ఆ గుంత.
మూడేండ్లది.
దాని అంచు యాడ మొదలైతదో
కండ్లు మూసుకొని చెప్త.
హ్యాండిలు దానంతటదే కుడికి తిరుగుతది
ఎడ్లకు ఇంటి తొవ్వ ఎరుకైనట్టు.

ఇంత జేసినా
ఒక్కో దినం సీసాల పైన తేటనీరు ఎర్రగ తేల్తది.
మళ్ల పోవాలె అండాలమ్మ ఇంటికి.
ఎనభై దాటిన చెయ్యి. నరం దొరకదు,
దొరికినా సూదిని చూసి పక్కకు జరుగుతది.
"పొద్దుగాలనే ఇస్తి గద బిడ్డా,
ఏం జేసినవ్ దాన్ని?"
"పాడైంది అవ్వా."
పొయ్యి మీది చాయ గిన్నె దించి,
ఇంకా ఏం తినని నోటితోని
ఏమీ అనక చెయ్యి చాపుతది.

పోయిన చలికాలం
ఎవరో పెద్దమనిషి వస్తుండని
రాత్రికి రాత్రి గుంత పూడ్చిన్రు.
నాకెవరు చెప్తరు?
మంచు ఇడవని ఏడు గంటలు.
హ్యాండిలు అలవాటుగ కుడికి తిరిగింది.
లేని గుంతను తప్పియ్యబోయి
ఉన్న ఆటోకు అడ్డం పడ్డ.

డబ్బా మూత ఊడింది.
నల్లటి నున్నటి తారు మీద సీసాలు
గోళీల లెక్క ఉరికినయి.
ఆటో ఆయన తిట్టుకుంటనే దిగి
ఒక్కొక్కటి ఏరి, తువ్వాలుతో తుడిచి,
"పదమూడే ఉన్నయే" అన్నడు.

పద్నాలుగోది పగిలి ఉంది.
చీటీ మీద నా రాతే:
అండాలమ్మ, ఎనభై రెండు, పరగడుపు.
కొత్త రోడ్డు కూడా పరగడుపునే ఉన్నట్టుంది,
చుక్క మిగల్చలె.

సైదులు చక్రం వంపు తీసుకుంట నవ్విండు:
"గుంతలున్నన్ని దినాలు పడనోనివి
బాగు చేస్తే పడ్డవా?"
నా మోకాలు కట్టు చూసి
పైసలు సగమే తీసుకున్నడు.

ఉగాది దాటినంక రెండు వానలు.
అంతే.
తారు పొరలు పొరలుగ లేచింది,
అడుగున కంకర పండ్లు బయట పెట్టింది.
అదే చోటు, అదే అంచు.
హ్యాండిలు కుడికి తిరిగింది,
వెనక ఒక్క సీసా చప్పుడు చెయ్యలె.

సంబురమైంది.
అయినంక సిగ్గనిపించింది.
ఎవరికి చెప్పుకుంటం,
గుంత తిరిగొచ్చిందని ఖుషీ అయిన అని.

ఇయ్యాల పొద్దుగాల అండాలమ్మ
చెయ్యి చాపే ముందు అడిగింది:
"ఒక్కపారికే అయితదా, చాయ పెట్టుకోవాల్నా?"

మంచం పక్క కిటికీల నుంచి
తొవ్వ దిక్కు చూసిన.
రాత్రి మళ్ల యాడనో
తవ్వుతున్న మిషను చప్పుడు ఇనబడ్డది.

"జరంతసేపు ఆగు అవ్వా" అన్న.